తాడుకి ఇవతలి కొస

మా తాతయ్య ద్వారకా తిరుమలలో కొండ కింద చిన్న కొట్టు పెట్టుకుని బతికాడు. కొబ్బరికాయలు, అరటిపళ్ళు, కర్పూరం. వాళ్ళ నాన్న ఏం చేసేవాడని ఎవరడిగినా ఆయన ఒకే ముక్క చెప్పేవాడు: “మా నాన్న పడవ మీద పనిచేసేవాడు.” చిన్నప్పుడు ఆ మాట వింటే నాకు భలే ఉండేది. తెరచాప కింద నిలబడి, చుక్కాని పట్టుకుని, కాలవ గట్టు మీది జనాన్ని దర్జాగా చూస్తూ వెళ్ళిపోయే ముత్తాత ఒకాయన నా ఊహలో చాలా ఏళ్ళు బతికాడు.

తాతయ్య పోయాక, పన్నెండో రోజు కాబోలు, భోజనాల దగ్గర మాటల్లో నాన్నమ్మ తేల్చేసింది. “పడవ మీద కాదురా, పడవ ముందు. తాడు భుజాన వేసుకుని గట్టు మీద నడిచేవాడు. మీ తాతకి ఆ మాట చెప్పుకోడం నామోషీ.”

‘మీద’కీ ‘ముందు’కీ ఉన్న తేడా అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. ఉద్యోగానికి విశాఖపట్నం వచ్చాక, ఒక సాయంత్రం కోస్టల్ బ్యాటరీ దగ్గర నిలబడి, కొండంత ఓడని రెండు చిన్న టగ్గులు చెరోవైపూ పట్టుకుని హార్బర్‌లోకి తీసుకెళ్ళడం చూశాను. అక్కడున్నవాళ్ళందరూ ఓడకి ఫొటోలు తీస్తున్నారు. నాకు నాన్నమ్మ మాట గుర్తొచ్చింది. ఆ టగ్గులో ఉన్నవాళ్ళు కూడా ఓడ మీద లేరు. ఓడ ముందున్నారు. అప్పట్నించీ దొరికింది చదువుతూ, తెలిసినవాళ్ళని అడుగుతూ పోగుచేసుకున్నదే ఈ వ్యాసం.

*

ద్వారకా తిరుమల నించి దక్షిణంగా వస్తే భూమి పల్లానికి దిగుతూ ఉంటుంది. జీడిమామిడి, ఆయిల్ పామ్ తోటలు దాటి భీమడోలు చేరేసరికి వరిచేలు మొదలవుతాయి. ఇంకా దిగితే కొల్లేరు. మెట్టకీ డెల్టాకీ మధ్య హద్దు గీసినట్టుండేది ఏలూరు కాలవ. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. బెజవాడ ఆనకట్ట 1855కి తయారయింది. ఈ రెండిటి నించీ వచ్చిన కాలవల్ని మనం నీటిపారుదల కిందే గుర్తుపెట్టుకున్నాం. కాటన్ దృష్టిలో మాత్రం అవి రోడ్లు కూడా. దేశానికి రైళ్ళకంటే పడవ కాలవలు మేలని ఆయన జీవితాంతం వాదించాడు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందూ అదే మాట చెప్పాడు. అందుకే మన కాలవలకి లాకులున్నాయి. రెండు తలుపుల మధ్య పడవని ఆపి, నీళ్ళు నింపి పైకెత్తడం, నీళ్ళు వదిలి కిందికి దించడం వీటి పని. పొలానికి నీళ్ళు పంపడానికి ఇంత ఏర్పాటు అక్కర్లేదు.

కాకినాడ నించి ధవళేశ్వరం, గోదావరి దాటి విజ్జేశ్వరం, అక్కణ్ణించి నిడదవోలు, తాడేపల్లిగూడెం, ఏలూరు, బెజవాడ. కృష్ణ దాటి కొమ్మమూరు కాలవ, బకింగ్‌హామ్ కాలవ మీదుగా మద్రాసు. ఒకప్పుడు ఇది పడవల దారి. 2008లో కేంద్రం నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించింది దీన్నే. అందులో ఏలూరు కాలవ వాటా 139 కిలోమీటర్లు.

ఈ 139 కిలోమీటర్లలో ఒక తమాషా ఉంది. విజ్జేశ్వరం దగ్గర బయల్దేరిన గోదావరి నీళ్ళు ఏలూరు వైపు పారతాయి. బెజవాడ దగ్గర బయల్దేరిన కృష్ణ నీళ్ళూ ఏలూరు వైపే పారతాయి. రెండూ ఏలూరులో కలుస్తాయి. మ్యాపు మీద ఒకే గీతలా కనిపించే ఈ కాలవకి రెండు వాలులున్నాయన్నమాట. రాజమండ్రి నించి బెజవాడకి ధాన్యం వేసుకెళ్ళే పడవ ఏలూరు దాకా వాలుకి పోతుంది, ఏలూరు దాటితే ఎదురు. బెజవాడ నించి వచ్చే పడవకీ అంతే. ఎటు బయల్దేరినా సగం దారి నీళ్ళు సాయం చేస్తాయి, మిగతా సగం మనిషి లాగాలి. గాలి అనుకూలిస్తే తెరచాప, నీళ్ళు లోతు తక్కువైతే గెడ. రెండూ పనికిరానప్పుడు తాడు.

నిలవనీళ్ళ మీద లాగడం తేలికే అంటారు ఇంజనీర్లు. ఇంగ్లండు కాలవల లెక్క ఒకటుంది: రోడ్డు మీద టన్నో రెండో లాగే గుర్రం కాలవలో 30 టన్నుల పడవ లాగగలదు. నేనూ ఇంజనీరింగే చదివాను, ఘర్షణ గురించి నాకు తెలుసు. కానీ లెక్కలో రానివి చాలా ఉన్నాయి. కదులుతున్న పడవని లాగడం తేలిక, ఆగిన పడవని కదిలించడం నరకం. లాకు దగ్గర ఆగాలి, మళ్ళీ కదిలించాలి. వంతెన వస్తే తాడు విప్పాలి, అవతల మళ్ళీ కట్టాలి. ఎదురుగా పడవొస్తే ఒకళ్ళు తాడు వదులు చేసి నీళ్ళలో ముంచాలి, ఇంకోళ్ళు దాని మీంచి దాటాలి. తడిసిన తాడు పొడితాడులా ఉండదు, బరువు, పైగా ఒరుసుకుంటుంది. వానాకాలం గట్టు జారుతుంది. వేసవిలో కాలవ కట్టేస్తారు, అప్పుడు పనే ఉండదు.

“ఆయన కుడిభుజం మీద చర్మం గేదె మెడలా ఉండేదిరా,” అంది నాన్నమ్మ. కాడి మోసిన గొడ్డుకి మెడ మీద కాయకాస్తుంది కదా, అలాగన్నమాట. కోడలిగా ఆ ఇంటికి వచ్చేటప్పటికి ముత్తాత పని మానేశాడట. భుజం మాత్రం అలాగే ఉంది.

1890ల్లో బెజవాడ–రాజమండ్రి వైపు రైలు పడింది. 1900లో గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన వచ్చింది. రైలు మార్గం చాలాచోట్ల కాలవ పక్కనే నడుస్తుంది. పడవలు ఒక్కసారిగా పోలేదు, ధాన్యం, ఉప్పు, కలప లాంటి తొందరలేని సరుకుతో ఇంకొన్ని దశాబ్దాలు నడిచాయి. మిగిలినవాటిని లారీలు మింగేశాయి.

*

ఇక టగ్గు విషయం. నేననుకున్నట్టు అది సముద్రంలో పుట్టలేదు. మా ఏలూరు కాలవలాంటి ఒక కాలవలో పుట్టింది.

1803 మార్చిలో స్కాట్లండులోని ఫోర్త్–క్లైడ్ కాలవలో విలియం సైమింగ్టన్ అనే ఇంజనీరు తన ఆవిరి పడవ ‘షార్లెట్ డండస్’కి 70 టన్నుల పడవలు రెండు కట్టి, ఎదురుగాలిలో, 30 కిలోమీటర్ల దాకా లాగి చూపించాడు. గట్టు మీద గుర్రాలు చేసే పనిని నీళ్ళలోకి దించడమే ఆయన ఉద్దేశం. ప్రయోగం సఫలమైంది. కాలవ యజమానులు మాత్రం వద్దన్నారు. చక్రం లేపే అలలకి గట్లు కోసుకుపోతాయని వాళ్ళ భయం. ఆ పడవని పక్కన పడేశారు. 1817లో స్కాట్లండులోనే ఇంకో ఆవిరి పడవ తయారైంది. దానికి ‘టగ్’ అని పేరు పెట్టారు. లాగుడు అని అర్థం. ఆ తర్వాత అలాంటి పడవలన్నిటికీ అదే పేరైంది.

అంటే గట్టు మీద తాడు పట్టుకున్న మనిషికీ, గుర్రానికీ బదులుగా వచ్చిందే టగ్గు. గట్టు ఉన్నంతమేరా మనిషి లాగగలడు. గట్టు అయిపోయి సముద్రం మొదలయ్యే చోట టగ్గు కావాలి. మన దగ్గర అలా గట్టు అయిపోయే ఊరు కాకినాడ.

కాకినాడ రేవు చిత్రమైంది. గోదావరి తెచ్చిపోసే ఒండ్రు వల్ల ఒడ్డు దగ్గర లోతుండదు. అంతకుముందు పేరున్న రేవు కోరంగి కూడా ఒండ్రు, 1789, 1839 ఉప్పెనలు కలిసి దెబ్బతీస్తే మరుగునపడిపోయింది. అదే ఒండ్రు హోప్ ఐలండ్‌ని కట్టి కాకినాడకి అలల నించి కాపుదల ఇచ్చింది. లోతు తీసుకుని నీడ ఇచ్చిందన్నమాట. దాంతో పెద్ద ఓడలు ఒడ్డుకి కొన్ని మైళ్ళ దూరంలో లంగరేసుకుని నిలబడేవి. సరుకు నావల మీద వాటి దగ్గరికి వెళ్ళేది. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలై అక్కణ్ణించి పత్తి ఆగిపోయినప్పుడు, మన పత్తి కాలవల మీద కాకినాడ చేరి, ఇలా నావలెక్కి, ఓడలెక్కి ఇంగ్లండు మిల్లులకి పోయింది. ఏలూరు గట్టు మీద తాడు లాగినవాళ్ళకి ఆ పత్తి ఎక్కడికి పోతోందో ఎవరైనా చెప్పి ఉంటారా అనుకుంటాను.

మొదట్లో నావలకి తెరచాపలు, తెడ్లు. తర్వాత వాటి స్థానంలో ఇనప బార్జీలు, వాటిని లాగే టగ్గులు. 1990ల చివర్లో కాకినాడకి లోతైన రేవు కూడా వచ్చింది. అయినా పాత పద్ధతి పోలేదు. యాంకరేజ్ పోర్టులో బియ్యం బస్తాలు ఇప్పటికీ లారీల మీంచి బార్జీల్లోకి, టగ్గు వెనక సముద్రంలోకి, అక్కడ ఓడల్లోకి వెళ్తాయి. మన డెల్టాలో పండిన బియ్యం ఆఫ్రికా చేరేదీ ఎక్కువగా ఈ దారినే.

బార్జీ లాగడంలో కష్టం ఏమిటంటే దానికి సొంత బుద్ధి ఉండదు. టగ్గు ఆగినా వెనకున్న బార్జీ ఆగదు, వచ్చి గుద్దేస్తుంది. అల మీద టగ్గు పైకి లేచినప్పుడు బార్జీ కిందుంటే తాడు ఒక్కసారిగా బిగుసుకుంటుంది, తెగినా తెగుతుంది. అందుకే తాడు పొడవు అల తీరుని బట్టి సర్దుకోవాలి. కాలవ మీద ఆ సర్దుబాటు భుజం చేసేది. ఇక్కడ సరంగు చేస్తాడు.

*

విశాఖపట్నం కథ వేరు. ఇక్కడ ఓడ లోపలికే వస్తుంది. కష్టమంతా ఆ రావడంలోనే ఉంది.

యారాడ కొండ పక్కన మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే బురదనేలని తవ్వి హార్బర్ చేశారు. మధ్య పరగణాల మాంగనీసు ఎగుమతికి తూర్పు తీరంలో రేవు కావాలి. రాయ్‌పూర్–విజయనగరం రైలు మార్గం, ఈ హార్బర్ ఒకే ఆలోచనలో భాగాలు. 1933 అక్టోబర్ 7న సింధియా కంపెనీ ఓడ ‘జలదుర్గ’ లోపలికొచ్చింది. డిసెంబర్ 19న వైస్రాయ్ విల్లింగ్‌డన్ లాంఛనంగా ప్రారంభించాడు. పక్కనే 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన నౌకానిర్మాణ కేంద్రం నించి 1948 మార్చి 14న నెహ్రూ ‘జల ఉష’ని నీళ్ళలోకి వదిలాడు. విశాఖ చరిత్ర ఎవరు చెప్పినా ఈ రెండు ఓడల పేర్లూ, వైస్రాయ్ పేరూ, ప్రధానమంత్రి పేరూ ఉంటాయి. పేర్లు మిగిలేది వీళ్ళకే.

డాల్ఫిన్స్ నోస్ కిందనించి లోపలికి ఇరుకైన దారి, లోపల ఓడలు తిరగడానికి ఒక మడుగు, అక్కణ్ణించి మూడు పాయలు. ఆ మడుగులో ఓడ తనంతట తను తిరగలేదు. మనం కార్లకి అలవాటుపడ్డవాళ్ళం కాబట్టి ఇది వెంటనే ఎక్కదు. ఓడకి బ్రేకులుండవు. చుక్కాని పనిచెయ్యాలంటే దాని మీంచి నీళ్ళు జోరుగా పారాలి, అంటే ఓడ వేగంగా వెళ్ళాలి. రేవులో వేగంగా వెళ్ళకూడదు. అందుకని రేవులోకొచ్చిన ఓడ, ఎంత పెద్దదైతే అంత నిస్సహాయంగా ఉంటుంది. వేల మైళ్ళు తనంతట తను వచ్చిన ఓడ ఆఖరి మైలు ఒకళ్ళు పట్టుకుంటేగానీ రాలేదు.

మా అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లోరులో ఒక పెద్దాయన ఉంటాడు. ముప్పై ఏళ్ళకి పైగా టగ్గుల్లో పనిచేసి, లాస్కరుగా చేరి సరంగుగా దిగాడు. నేను బాబాయ్ అంటాను. ఆయన టీవీ సౌండు మూడో ఫ్లోరుకి వినిపిస్తుంది. ఇంజను పక్కన గడిపిన జీవితం అది. ఆయన్ని మొదటిసారి అడిగిన ప్రశ్న నాకిప్పుడు సిగ్గుగా ఉంటుంది. “అంత పెద్ద ఓడని ఎలా లాగుతారు బాబాయ్?”

“ఓడని లాగడం ఏటి బాబూ! ఓడ మనల్ని లాక్కుపోకండా సూసుకోడం మా పని,” అన్నాడు.

ఆ మాట అర్థం కావడానికి ఆయన టీపాయ్ మీద అగ్గిపెట్టె, రిమోటు, ఒక దారం పెట్టి చూపించాడు. తాడు టగ్గు నడుం దగ్గర కొక్కేనికి కట్టి ఉంటుంది. టగ్గు ఓడకి నేరుగా ముందున్నంతసేపూ భయంలేదు. ఓడ కాస్త వేగం అందుకుని టగ్గుని దాటిపోయిందనుకోండి, తాడు టగ్గుని పక్కనించి లాగుతుంది. పడవ ముందుకి వెనక్కి ఎంతైనా తట్టుకుంటుంది, పక్కకి తట్టుకోదు. కొన్ని క్షణాల్లో బోర్లాపడుతుంది. కింద ఇంజను గదిలో ఉన్నవాళ్ళకి మెట్లెక్కే టైముండదు. ప్రపంచంలో ఏ రేవులోనైనా టగ్గువాళ్ళు అన్నిటికంటే భయపడే చావు ఇదే. అందుకే ఆ కొక్కేనికి ఒక మీట ఉంటుంది. కొడితే ఎంత బరువు మీదున్నా తాడు ఊడిపోవాలి.

“అది ఒగ్గేయాల బాబూ. పట్టుకోడం అందరికీ వొచ్చు. ఎప్పుడు ఒగ్గేయాలో తెలిసినోడే సరంగు.”

ఉత్తరాంధ్రలో వదిలెయ్యడాన్ని ఒగ్గెయ్యడం అంటారు. ఆయన నోట ఆ మాట పదిసార్లైనా విన్నాను. ఒగ్గేస్తే ఓడ గోడని గుద్దొచ్చు, విచారణ జరుగుతుంది, ఎందుకు వదిలావని అడుగుతారు. ఒగ్గెయ్యకపోతే అడగడానికి మనిషి ఉండడు.

టగ్గులో మెట్లున్నాయి. నీళ్ళలో సరంగు పైన, ఆయన కింద టిండాలు, ఆ కింద లాస్కర్లు. ఇంజనుకి డ్రైవరు, గ్రీజరు. ఈ మాటల చరిత్ర సరదాగా ఉంటుంది. సరంగు పారశీకంలో సేనాని. లాస్కరు, లష్కర్ నించి వచ్చింది, అంటే సైన్యం. టిండాలు మాత్రం మనదే. మలయాళంలో తండల్, తెలుగులో తండేలు. 2025లో వచ్చిన ‘తండేల్’ సినిమా పేరు అదే మాట. శ్రీకాకుళం మత్స్యకారుల పడవలో తండేలంటే నాయకుడు. అదే మనిషి హార్బర్‌లో ఉద్యోగానికొస్తే అదే మాట ఆయన్ని రెండోమెట్టు మీద కూర్చోబెట్టింది. పైమెట్టుకి బయటినించి వచ్చిన మాట పెట్టుకున్నాం.

పనికంటే ఎదురుచూపు ఎక్కువ, అన్నాడు బాబాయ్. ఓడ రాకకి టైముంటుంది, ఆ టైముకి అది రాదు. అర్ధరాత్రి పిలుపొస్తే అర్ధరాత్రే. జెట్టీకి కట్టుకుని ఉన్నప్పుడు గాలం వేసి పట్టిన చేపతో పులుసు, దాని కోసం ఒడ్డు ఆఫీసు నించి కూడా ఎవరో ఒకరు తిండివేళకి వచ్చేవారట. పిలుపొచ్చిందంటే పులుసు పొయ్యి మీదే ఉండిపోయేది. ఓడ మీంచి సన్నతాడు విసురుతారు. దాని చివర బరువైన ముడి ఉంటుంది, తలకి తగిలితే పగులుతుంది. ఆ సన్నతాడుకి మోకు కట్టి పైకి పంపాలి. పైలట్ ఓడ మీంచి వాకీటాకీలో చెప్తాడు. టగ్గు ఒక చిన్న కూతతో అర్థమైందని బదులిస్తుంది. అంతే సంభాషణ. గంటసేపు ఓడ, టగ్గు, ఇంకో టగ్గు మధ్య నడిచే ఈ తతంగంలో టగ్గువాడికి ఓడ గోడ తప్ప ఏమీ కనిపించదు.

బాబాయ్ ఎడమచేతి మీద మోచేతి నించి మణికట్టు దాకా నున్నటి మచ్చ ఉంది. నైలాను తాడు. కొబ్బరిపీచు తాడు తెగేముందు మూలుగుతుంది, నైలాను సాగి సాగి చప్పుడు లేకుండా తెగుతుందని చెప్పాడు. సాగినప్పుడు దాచుకున్న బలమంతా తెగిన కొసలో కొరడాలా వెనక్కొస్తుంది. ఆ దారిలో ఎవరుంటే వాళ్ళ సంగతి అంతే. తనది ఒరుసుకుని పోయింది కాబట్టి చెయ్యి మిగిలింది. నాకు ఆ చెయ్యి చూస్తుంటే ఎప్పుడూ చూడని భుజం ఒకటి గుర్తొచ్చింది.

ఇప్పటి టగ్గులు వేరు. కింద ఫ్యాన్లు చుట్టూ తిరుగుతాయి, టగ్గు ఎటు కావాలంటే అటు, పక్కకి కూడా నడుస్తుంది. ఒడ్డున బొల్లార్డుకి తాడు కట్టి ఇంజను పూర్తిగా నడిపి ఎన్ని టన్నుల బలంతో లాగుతుందో కొలుస్తారు. ఇప్పుడు 50, 60 టన్నులు మామూలు. తాళ్ళు కూడా ఉక్కుకంటే గట్టివి, నీళ్ళలో తేలేవి వచ్చాయి. చాలా రేవుల్లో టగ్గులు ప్రైవేటు కంపెనీల దగ్గర అద్దెకి తీసుకున్నవి, మనుషులూ కాంట్రాక్టువాళ్ళు. 2024లో కేంద్రం డీజిల్ టగ్గుల బదులు బ్యాటరీ లాంటివి తెచ్చే కార్యక్రమం కూడా మొదలుపెట్టింది. ఇంజను చప్పుడు పోతే ముందు తరం సరంగులకి టీవీ మామూలుగానే వినిపిస్తుందేమో.

టగ్గు ఉన్నప్పుడు ఏమీ జరగదు. అదే దాని పని. ప్రొడక్షన్ సపోర్ట్ చేసినవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. అది లేనప్పుడు ఏమవుతుందో 2024 మార్చి 26న బాల్టిమోర్‌లో చూశాం. ‘డాలి’ అనే ఓడని రెండు టగ్గులు రేవు గోడ నించి తప్పించి, మామూలు పద్ధతి ప్రకారం వదిలేసి వెళ్ళిపోయాయి. కాసేపటికి ఓడలో కరెంటు పోయింది. చుక్కాని లేదు, ఇంజను లేదు. వంతెన స్తంభాన్ని గుద్దింది. వంతెన మీద పనిచేస్తున్న ఆరుగురు చనిపోయారు. ఆ ఓడ సిబ్బందిలో దాదాపు అందరూ మనదేశం వాళ్ళే. ఆ తర్వాత జరిగిన చర్చల్లో ఒక ప్రశ్న పదేపదే వచ్చింది: టగ్గులు వంతెన దాటేదాకా ఉండి ఉంటే?

*

నాకు పుస్తకాల పిచ్చి కాబట్టి ఈ మనుషుల్ని ఎవరైనా రాశారా, గీశారా అని వెతుక్కున్నాను.

టగ్గు ఉన్న బొమ్మల్లో బాగా పేరున్నది టర్నర్ 1839లో ప్రదర్శించిన ‘టెమరేర్’. ట్రఫాల్గర్ యుద్ధంలో పాల్గొన్న తెరచాపల ఓడని విరగ్గొట్టడానికి ఒక నల్లటి ఆవిరి టగ్గు లాక్కుపోతూ ఉంటుంది. వెనక సూర్యాస్తమయం. ఓడ వెండిరంగులో దేవతలా ఉంటుంది, టగ్గు పొగ కక్కుతూ యమదూతలా ఉంటుంది. నిజానికి ఆ రోజుకి ఓడకి కొయ్యలు లేవు, ముందే పీకేశారు. టర్నర్ మళ్ళీ పెట్టాడు. లాగింది రెండు టగ్గులు. ఒకదాన్ని టర్నర్ తీసేశాడు. ఓడకి లేనిది ఇచ్చి, టగ్గులకి ఉన్నది తీసేసుకున్నాడు. గొప్ప బొమ్మే, కాదనను.

ఇంకో బొమ్మ రేపిన్‌ది. 1870–73 మధ్య వేసిన వోల్గా నది పడవ కూలీలు. ఇసక ఒడ్డున 11 మంది ఛాతీలకి పట్టీలు వేసుకుని పడవ లాగుతుంటారు. పడవ ఎక్కడో వెనక, చిన్నగా. రేపిన్ వాళ్ళ దగ్గరకెళ్ళి గడిపాడు. అందరికంటే ముందు నడిచే మనిషి పేరు కానిన్ అనీ, ఒకప్పుడు చర్చిలో మతగురువనీ తెలుసుకున్నాడు. ఆ బొమ్మ మొదటిసారి చూసినప్పుడు నాకు ముందు కనిపించింది వాళ్ళ భుజాలే.

మన దగ్గర? గోదావరి మీద మనకి బోలెడు ప్రేమ. ‘మూగమనసులు’లో పడవ నడిపేవాడే కథానాయకుడు. ‘అందాల రాముడు’ రాజమండ్రి నించి భద్రాద్రి దాకా లాంచీ మీదే నడుస్తుంది. శేఖర్ కమ్ముల ‘గోదావరి’ కూడా. బి.వి.యస్. రామారావు గోదావరి కథల్లో రేవులు, పడవలు, వాటి మనుషులు బతికి ఉంటారు. నేనివన్నీ ఇష్టపడ్డవాణ్ణే. అయితే నేను చూసినంతలో మన కళ్ళు దాదాపు ఎప్పుడూ పడవలోనే కూర్చుని ఉంటాయి. పడవలోంచి చూస్తే గట్టు అందంగా కదులుతుంది, కొబ్బరిచెట్లు వెనక్కి పోతాయి. తాడు కూడా కనిపిస్తుంది, కాస్త దూరం దాకా. తాడుకి ఆ చివర ఉన్నవాడి వీపు తప్ప మొహం కనిపించదు. వాడెప్పుడూ అటే చూస్తూ నడుస్తాడు కదా.

*

ఈ విద్య పోయిందా అంటే పోలేదు. మనకి అవసరమైనప్పుడు బయటికొస్తుంది.

2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో ‘రాయల్ వశిష్ఠ’ బోటు మునిగింది. అందులో 77 మంది, బతికింది 26 మంది. బోటు బాగా లోతున, సుడుల కింద, ఒండ్రులో కూరుకుపోయింది. సోనార్లతో వెతికారు, నిపుణులొచ్చారు, ఇక తియ్యడం కష్టమన్నారు. ఆఖరికి తీసింది కాకినాడ నించి వచ్చిన ధర్మాడి సత్యం బృందం. వాళ్ళ దగ్గరున్నవి ఇనప తాళ్ళు, లంగర్లు, ఒక ప్రొక్లైనరు, తాడు చివర ఏం తగులుకుందో చేతికి తెలిసే అనుభవం. లంగరు వేస్తారు, లాగుతారు, జారిపోతుంది, మళ్ళీ వేస్తారు. అక్టోబర్ 22న బోటు ఒడ్డుకి వచ్చింది. టీవీల ముందు కూర్చుని మనమందరం చూశాం. ఆయన లుంగీ కట్టుకుని ఒడ్డున నిలబడి చేతి సైగలతో తాడుని నడిపించడం నాకు బాగా గుర్తు.

2024 సెప్టెంబర్‌లో కృష్ణ వరదకి పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లకి గుద్దుకుని అడ్డంపడ్డాయి. పెద్ద క్రేన్లు తెస్తే కదల్లేదు. అప్పుడూ కాకినాడ నించి మనుషులు రావాల్సివచ్చింది. వాళ్ళు పడవల మీద ఇనప గర్డర్లు వేసి, వాటికి తాళ్ళు కట్టి మునిగినదాన్ని లేపి లాగారు.

ఈ రెండుసార్లూ పేపర్లలో వీళ్ళని ‘స్థానిక అనుభవం’ అన్నారు. నావల కాలం నించీ, ఒండ్రు రేవులో బార్జీలు కూరుకుపోతే తీసుకుంటూ, తెగిన తాళ్ళు ముడేసుకుంటూ, 150 ఏళ్ళకి పైగా ఒక ఊరు చేతుల్లో దాచుకున్న విద్య అది. దానికి కాలేజీ లేదు, పుస్తకం లేదు. ఉన్నదల్లా, అవసరమైనప్పుడు ఫోన్ చెయ్యడానికి ఒక ఊరి పేరు.

*

పోయిన దసరాకి ద్వారకా తిరుమల వెళ్ళినప్పుడు నాన్నమ్మకి బాబాయ్ సంగతి చెప్పాను. ఓడలు లాగేవాడనీ, చేతి మీద మచ్చ ఉందనీ. ఆవిడ శ్రద్ధగా విని ఒకటే అడిగింది: “వాళ్ళ పిల్లలకి తెలుసా, ఏం చేసేవాడో?”

తెలుసన్నాను. పోర్టులో పని అని చెప్తారు. ఏం పని అని ఎవరూ అడగరు కాబట్టి అక్కడితో సరిపోతుంది.

తిరిగొచ్చేటప్పుడు భీమడోలు దాకా ఆటోలో వచ్చి, బస్సుకి టైముంటే కాలవ దగ్గరికి వెళ్ళాను. నీళ్ళు నిండుగా ఏలూరు వైపు పోతున్నాయి, వాలుకి. గట్టు మీద ఇప్పుడు బైకులు తిరుగుతున్నాయి. కాసేపు నీళ్ళకి ఎదురుగా నడిచి చూశాను, చేతిలో ఏమీ లేకుండానే. అరగంటకి చెమటలు పట్టాయి.

ఈ మధ్య మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు మా ఊరి గురించీ, మావాళ్ళ గురించీ అడిగాడు. మా ముత్తాత ఏలూరు కాలవ గట్టు మీద పడవలు లాగేవాడని చెప్పాను. అంటే బోట్ డ్రైవరా అన్నాడు. కాదు, పడవ ముందు నడిచేవాడు అన్నాను.